సోయి లేని రామన్న

ఈరమ్మ చనిపోయాక మా ఆఫీసులో ఆమెకొక పేరు పడింది. చేతులు మార్చే ఆంటీ. పెట్టింది నాతో పనిచేసే ఇంజనీరు ఓంకార్. ఆ పేరు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కానీ ఏమని కోప్పడను? ఆమె నిజంగానే చేతులు మార్చేది.

మా పనేమిటో ముందు చెప్పాలి. డ్రైవర్ లేకుండా నడిచే కార్లకు బుద్ధి నేర్పడానికి మేము కంప్యూటర్లో రోడ్లు కడతాం. కొత్తగూడ జంక్షన్‌ను అచ్చం అలాగే కట్టాం. పైన ఫ్లైఓవర్, కింద చెరుకురసం బండి, అడ్డదిడ్డంగా దూరే ఆటోలు, అన్నీ ఉంటాయి. ఆ రోడ్డు మీద మనుషులు కూడా కావాలి. దానికోసం నిజం మనుషుల ఒంటికి చుక్కలంటించి, ఖాళీ హాల్లో నడిపించి, ఆ నడకను కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. దానికి వేరే ముఖమూ వేరే బట్టలూ తొడుగుతాం. ఆ బొమ్మను చూసి కారు ఆగిందా లేదా అన్నదే పరీక్ష.

ఒకసారి చీర కట్టిన పెద్దావిడ నడక కావాల్సి వచ్చింది. డబ్బులిచ్చి పిలిపించినవాళ్లు పెళ్లి స్టేజీ ఎక్కుతున్నట్టు వయ్యారంగా నడిచారు. విసుగెత్తి, మా అంతస్తు ఊడ్చి తుడిచే ఈరమ్మను పిలిచాం. ఒంటికి అతుక్కునే నల్ల దుస్తులు చూసి ఆమె పకపకా నవ్వింది.

"గిది ఏసుకుంటె మా ఇంటాయన నన్ను గుర్తువడతడా మేడం?"

చివరికి దానిమీద చీర కట్టుకుంది. రోడ్డు దాటుతున్నట్టు నడవమన్నాం. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంచి, దేన్నో పట్టుకున్నట్టు పెట్టుకుని నడిచింది. హాలు మధ్యకు వచ్చాక కాస్త ఆగి, కుడి చెయ్యి దించి ఎడమ చెయ్యి ఎత్తింది. మళ్లీ నడిపించినా అంతే. చేతులేమైనా నొప్పా అంటే, "ఏం లేదు మేడం, నేను దాటుడే గట్ల" అంది. చుక్కలు జారి ఉంటాయిలే అని ఓంకార్ ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

పోయిన వానాకాలం ఆమెకు కామెర్లొచ్చాయి. దవాఖానలో చేర్చిన వారం తిరక్కుండానే పోయింది. ఆఫీసు గ్రూపులో అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. ఆమె నడక మాత్రం మా కొత్తగూడలో రోజూ రోడ్డు దాటుతూనే ఉంది.

రామన్న ఆమె భర్త. మా బిల్డింగు చుట్టూ మొక్కలకు నీళ్లు పెట్టే మాలి. పుట్టిపెరిగింది కొత్తగూడలోనే, అది ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో. ఇప్పుడు సిగ్నల్ పడితే కార్లు బారులు తీరే చోట ఆయన మేకలు కాశాడట. వయసులో జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేశాడు. ఆ ఘాటుకు ముక్కు వాసన పట్టడం మానేసింది. "మల్లెపువ్వయినా పెంటయినా నాకొక్కటే" అనేవాడు నవ్వుతూ. పూలు పెంచే మనిషికి ఆ గతి పట్టిందేమిటా అని నాకే బాధగా ఉండేది.

వాళ్లకు పిల్లలు కలగలేదు. రామన్న నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో మాటలన్నీ ఈరమ్మవే. ఊకొట్టడం ఒక్కటే ఈయన వంతు. ఆమె పోయాక సాయంత్రం పని దిగినా ఇంటికి వెళ్లకుండా గేటు పక్క బెంచీ మీద కూర్చునేవాడు.

"ఇంకా వెళ్లలేదా అండీ?" అని అడిగేదాన్ని.

"పోయి ఏం జెయ్యాలె మేడం" అనేవాడు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నాది తెనాలి. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది. పుప్పాలగూడలో ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్న టవర్లో ఒక్కదాన్నే ఉంటాను. లిఫ్టులో నమస్కారం పెడితే ఫోన్లోంచి తల ఎత్తేవాళ్లు లేరు. దసరాకు పక్కింటివాళ్లకు పులిహోర ఇస్తే గిన్నె గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోయారు. బెల్లు కూడా కొట్టలేదు.

అసలే ఇలా ఉంటే, ఓంకార్‌కు భోజనాల దగ్గర ఒక సిద్ధాంతం పట్టుకుంది. "మనం ఈ బొమ్మ రోడ్డు చేసినట్టే మనల్ని గూడ ఎవడో చేసి నడిపిస్తుండొచ్చు కదా మేడం? మీకు లోపల స్పృహ ఉందని నాకేం గ్యారంటీ? ఉన్నట్టు మాట్లాడేలా రాసి ఉంటారేమో."

"ఆ మహానుభావుడెవరో కనిపిస్తే, గచ్చిబౌలి ట్రాఫిక్ ఎందుకు పెట్టాడో కనుక్కుని చెప్పు" అని వాడి నోరు మూయించాను.

కానీ ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుంటే ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. ఎదురు టవర్లో ఎన్నో కిటికీలు. తెరలు తీస్తారు, వేస్తారు, బట్టలు ఆరేస్తారు. వాళ్ల లోపల నిజంగా ఎవరైనా ఉన్నారా? వాళ్లకు నా కిటికీ కూడా ఇలాగే కనబడుతుంది కదా. నేను ఉన్నానని ఎవరికి తెలుసు? నిజం చెబుతున్నాను, భయమేసేది.

ఆ రోజుల్లోనే కారు కంపెనీవాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ ఆడమనిషి చేతులు అసహజంగా ఉన్నాయి, సరిచేయండి అని. ఓంకార్ చేతులు చక్కబెట్టే పనికి కూర్చున్నాడు. ముందు ఒకసారి ఉన్నది ఉన్నట్టు చూద్దామని పెద్ద తెర మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే రామన్న నీళ్ల డబ్బాతో లోపలికి వచ్చాడు. ఈరమ్మ చూసుకునే లోపలి కుండీలను ఇప్పుడు ఆయనే చూస్తున్నాడు.

"రామన్న గారూ, నీళ్లు! కార్పెట్ తడిసిపోతోంది!" అని అరిచాను.

కుండీ నిండి పొర్లుతోంది, ఆయన తెర వైపు చూస్తున్నాడు. తెరమీద ఎవరిదో ముఖం, ఎవరిదో ఆకుపచ్చ చీర. రోడ్డు దిగింది. ఆ పూట పరీక్షలో కారుకు బ్రేకు ఆలస్యంగా పడింది.

"ఆగు!" అని కేక పెట్టాడు రామన్న.

కారు ఆమెలోంచి దూసుకుపోయింది. మరుక్షణం ఆమె మళ్లీ రోడ్డు అంచున, ఏమీ జరగనట్టు నిలబడి ఉంది. మా పరీక్షలన్నీ అలాగే మొదటికి వస్తాయి.

"గామె మా ఈరమ్మ" అన్నాడు.

ఇంటాయన గుర్తుపడతాడా అని నవ్విన మనిషి గుర్తొచ్చింది.

"ఏదో నడిపిచ్చిండ్రని చెప్పింది. గిందుకేనా?" అని, తెరమీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "గామెకు సోయి లేదా మేడం?"

నేను కోస్తా మనిషిని. సోయి అంటే స్పృహ అని ఎప్పుడో విన్నాను, అంతవరకే. ఓంకార్ పుణ్యమా అని ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. "లేదండీ. అది ఆవిడ కాదు, ఆవిడ నడక మాత్రమే. లోపల ఎవరూ ఉండరు. నొప్పి తెలియదు, భయం తెలియదు, తానొకదాన్ని ఉన్నానని కూడా తెలియదు" అని చిన్నసైజు ఉపన్యాసం దంచాను.

రామన్న ఓపిగ్గా విన్నాడు.

"గది గాదమ్మా. బండొస్తుంటె సూడదేంది అని అడుగుతున్న."

ఓంకార్ కరీంనగర్ వాడు. "సోయి అంటే ధ్యాస గూడ మేడం. ఇంటి సోయి, పిల్లల సోయి అంటం" అన్నాడు. నా ఉపన్యాసానికి నాకే సిగ్గేసింది.

"సోయి పెట్టొచ్చు పెద్దాయనా" అని ఓంకార్ ఏదో నొక్కాడు. మా బొమ్మలకు ఆ సదుపాయం ఉంది. అది వేస్తే బొమ్మ తల తిప్పి బండిని చూస్తుంది. తెరమీది ఆమె తల తిప్పింది, కారును చూసి ఆగింది.

రామన్న అడ్డంగా తల ఊపాడు. "గిట్ల సూడదు సార్. ఎన్నడు బండ్లదిక్కు సూడలె. నా దిక్కు సూసుకుంట ముచ్చట వెడుతది. బండ్ల సోయి నాది."

ఓంకార్ దాన్ని తీసేశాడు. ఆమె మళ్లీ ఎటూ చూడకుండా నడిచింది. మధ్యలో ఆగి చెయ్యి మార్చింది. అది చూసి రామన్న ముఖం విచ్చుకుంది.

"గది! నా అంగి పట్టుకున్నది మేడం. సగం రోడ్డు దాక బండ్లు కుడి దిక్కుకెళ్లి వస్తయి గద, నేను కుడి దిక్కు ఉంట. డివైడర్ దాటినంక ఎడమ దిక్కుకెళ్లి వస్తయి. గప్పుడు నేను గీ పక్కకు మారుత. ఆమె చెయ్యి మారుస్తది."

ఓంకార్ మౌస్ మీంచి చెయ్యి తీశాడు. మేము చుక్కలు జారాయనుకున్నాం. ఖాళీ హాల్లో ఆమె భర్త చొక్కా పట్టుకుని నడిచింది.

"ఇగ చేతులు సక్కగ జేస్తరా?" అని అడిగాడు.

"చేయమన్నారండీ" అన్నాను.

"చేస్తె ఒక్కతే దాటినట్టయితది. పెండ్లయి వచ్చినకాంచి ఆమె గా రోడ్డు ఒక్కతే దాటలె. బండ్లంటె శాన భయం. నేను రాకుంటె ఎంతసేపైనా గీ దిక్కే నిలవడేది." డబ్బా కింద పెట్టాడు. ఎవరినీ ఏదీ అడగని ఆ మనిషి నోరు తెరిచి అడిగాడు. "నా నడక గూడ తీసుకోన్రి బిడ్డా. ఆమె పక్కన పెట్టున్రి."

ఆ సాయంత్రమే కంపెనీకి రాశాను. నాకు కోపం వస్తే ఇంగ్లీషు బాగా వస్తుంది. ఆ చేతుల్లో తప్పేమీ లేదు, పక్కన ఉండాల్సిన మనిషి లేడు, జంటగా దాటేవాళ్లను చూసి మీ కారు ఆగుతుందో లేదో మీకే తెలియదు, ముందు అది చూసుకోండి అని. నిజమే అనిపించినట్టుంది, ఒప్పుకున్నారు.

నడక తీసే రోజు రామన్న తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దానిమీద నల్ల దుస్తులు వేస్తామని తెలిసీ. హాల్లో ఎడమ మోచెయ్యి కాస్త ఎడంగా పెట్టి బయల్దేరాడు. మామూలుగా చకచకా నడిచే మనిషి, మెల్లగా అడుగులేశాడు.

"ఇంత నెమ్మదిగానా అండీ?" అన్నాను.

"ఆమెకు మోకాళ్లు నొస్తయి గద."

చూపు బండ్లు వచ్చే వైపే ఉంది. కానీ మధ్యమధ్య తల ఊపుతున్నాడు. ఎందుకని ఇక అడగలేదు. ఆమె మాట్లాడుతోంది, ఈయన ఊకొడుతున్నాడు. హాలు మధ్యలో ఆగి, వెనక నుంచి చుట్టి అవతలి పక్కకు వచ్చి కుడి మోచెయ్యి ఇచ్చాడు.

ఇద్దరి అడుగులూ కలపడానికి చాలా పని పడుతుందనుకున్నాం. ఓంకార్ రామన్నను ఒక వేలెడు పక్కకు జరిపాడంతే. ఆమె వేళ్లు ఆయన మోచేతి దగ్గరకు వచ్చి ఆగాయి. డివైడర్ దగ్గర ఆయన మారాడు, ఆమె చెయ్యి మార్చింది. కారు ఆగింది. ఓంకార్ లేచి బయటికి వెళ్లి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఆ తర్వాత భోజనాల దగ్గర సిద్ధాంతాలు ఎత్తలేదు.

నేను కిందికి వెళ్లాను. రామన్న గేటు పక్కన గన్నేరు కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"రండి, చూద్దురుగాని" అన్నాను సంబరంగా.

"దాటుతున్నరా?"

"దాటుతున్నారండీ."

"బండి ఆగుతుందా?"

"ఆగుతోంది."

కత్తెర ఆపలేదు. "సాలు బిడ్డా. సూస్తె మల్ల ఇంటికి ఒక్కన్నే పోవాలె" అన్నాడు. ఇంకో కొమ్మ కత్తిరించి, ఆయనే అడిగాడు.

"ఆడున్న రామన్నకు సోయి ఉన్నదా?"

ఈసారి ఆ మాటకు ఏ అర్థం తీసుకోవాలో ఆలోచించాను. బండ్ల సోయి ఉంది, అంతవరకు మేమే పెట్టాం. కానీ ఆయన అడిగింది అది కాదు. ఉందని అబద్ధమాడితే సంతోషిస్తాడేమో అనిపించింది. ఆడలేకపోయాను.

"లేదండీ" అన్నాను.

"మంచిగైంది" అన్నాడు రామన్న. "సోయుంటె ఈడ ఒకడు మిగిలిండని యాదికొస్తది. ఎనక్కి మర్లి సూస్తడు. ఆమె చెయ్యి ఇడుస్తడు."

ఆ సాయంత్రం నా కారు కొత్తగూడ దగ్గర ఆగింది. అసలు కొత్తగూడ. రామన్న రోడ్డు దాటుతున్నాడు. ఎడమ మోచెయ్యి కాస్త ఎడంగా ఉంది, అడుగు నెమ్మదిగా ఉంది. డివైడర్ దగ్గర ఆగి, ఎవరినో చుట్టి వచ్చినట్టు అవతలి పక్కకు మారి, కుడి మోచెయ్యి ఇచ్చాడు. పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి, ఒకడు కిటికీ దించి నన్ను తిడుతున్నాడు. ఆయన అవతలి అంచు ఎక్కేదాకా నేను బండి కదిలించలేదు.