చేతి మీద ఎవరి నంబర్ రాయాలి

అన్నయ్యా, "చదువు మానేసినట్టే ఈ ట్రిప్పూ మధ్యలో మానేస్తావ్" అన్నావు కదా నిన్న నా పోస్ట్ కింద. మానలేదు. తుఫాను హెచ్చరిక ఉన్నా అమెరికాలో లూసియానాలోని ఓ పాత ఫ్రెంచ్ ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశాను. ఇక్కడ ఇళ్ళ కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశారు. తెరిచి ఉన్న ఒకే ఒక్క హోటల్లో ఒక పెద్దావిడ వేడి రొయ్యల గంబో పులుసు అన్నం మీద పోసి పెట్టింది. తిన్నాక మార్కర్ ఇచ్చింది.

"రాత్రికి ఇక్కడే ఉంటే పేరు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్ చేతి మీద రాసుకో బేబీ."

"ఎందుకు ఆంటీ?"

"వరద తీశాక దొరికితే ఎవరి బిడ్డవో తెలియాలిగా."

నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. ఆవిడ చేతి మీద అప్పటికే రాసి ఉంది.

అమ్మ నంబర్ రాయబోయి ఆగాను. ఆ ఫోన్ అమ్మ ఎత్తకూడదు. నీ నంబర్ రాశాను, అన్నయ్యా. మీరైతే ఎవరిది రాస్తారో కామెంట్లో చెప్పండి. బయట ఊరు దాటే వంతెన మూసేస్తున్నారని అరుస్తున్నారు, నేను వెళ్ళాలి.