మూరన్నర చవుడు

పాత ఇళ్లు కొనేవాళ్లు ముందు నన్ను పిలిపించుకునేవారు. అప్పట్లో నరసరావుపేట చుట్టుపక్కల ఒక ఇల్లు చేతులు మారుతోందంటే వాస్తు చూడ్డానికి సిద్ధాంతి, గోడలూ దూలాలూ చూడ్డానికి నేను. గోడను వేలి కణుపుతో కొట్టి లోపల గుల్లో గట్టో చెప్పేవాణ్ణి. దూలంలో మేకు గుచ్చి చెద ఎంత తిన్నదో చెప్పేవాణ్ణి. అమ్మకానికి ముందు కొత్తగా సున్నం కొట్టిన గోడ కనిపిస్తే ఒళ్లు మండేది. ఏ పగులు దాచారని అమ్మేవాళ్ల మొహం మీదే అడిగేవాణ్ణి. నోటిదురుసు మనిషినని పేరు. ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టం కూడా.

ఒక వేసవిలో సత్తెనపల్లి గుమాస్తా ఒకాయన వచ్చి, మీ పేటలో పంతులు గారి మిద్దె కొనాలనుకుంటున్నాను, చూసి చెప్పమన్నాడు. మిషను బడిలో పాఠాలు చెప్పిన ఆ పంతులు గారు పోయి ఏడాది దాటింది. ఆయన భార్య ఇల్లమ్మేసి, గుంటూరులో నర్సు చదువుతున్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని చూస్తోంది. అంతకుముందు వచ్చిన ఇద్దరు నడింటి దూలం వంగడం చూసి వెనక్కి పోయారు. ఈయన కూడా పోతే ఆవిడ ఆ దూలం కిందే ఉండిపోవాలి.

ఆ మిద్దె నాకు కొత్త కాదు. ఏటా వానలకు ముందు దాని మీద చవుడు మట్టి పోసి తొక్కించింది నేనే. చుక్క కారదని ఊరంతా చెప్పుకునేవాణ్ణి.

దూలంలో మేకు గుచ్చితే దిగలేదు. చేవగల టేకు. చెద లేదు, పగులు లేదు. మరెందుకు వంగినట్టు? దాని కింద పంతులు గారు ఎప్పుడో బిగించిన గుంజ ఉంది, ఊపినా కదల్లేదు. పైకెక్కి గునపంతో తవ్వాను. జానెడు లోతులో, దూలాల మీద కప్పుగా పరిచిన నాపరాయి తగలాలి. మూరన్నర దిగాక గాని ఠంగుమనలేదు. ఏటికో పొర పోశారు తప్ప పాతది ఎవరూ తియ్యలేదు.

నా చేతుల పనే అని తట్టకముందే నోరు లేచింది. దిగొచ్చి, ఇంటి నెత్తిన ఇంత బరువు పెడతారా, బుద్ధుండక్కర్లేదా అని గుమాస్తా ముందే ఆవిడ మీద కేకలేశాను. ఆవిడ అంతా విని నెమ్మదిగా అంది.

“ఏటా నువ్వే గదా తమ్ముడూ పోసింది. దూలం వంగుతుందేందని మా ఆయన అడిగితే, ఏం గాదు పంతులు గారూ, ఇంకో పొర పోద్దాం అన్నావు.”

సిగ్గుతో చచ్చిపోయాను. దూలం మంచిదే, తప్పు నాది, మట్టి తీసేదాకా ఆగి అప్పుడు చూసుకోండని గుమాస్తాను బతిమాలాను. ఇద్దరు కూలీలను పెట్టుకుని, ఆవిడ దగ్గర కాఫీ నీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకుండా నాలుగు రోజులు తోడి పోశాం. దూలం పూర్తిగా సరికాలేదు గాని వేలెడు పైకి లేచింది. గుంజ వదులైంది. దాన్ని నేను ఒంటిచేత్తో తీసి గోడకు చేరేశాను.

గుమాస్తా తృప్తిగా తలూపి, ఇల్లు తీసుకుంటానన్నాడు. ఆవిడ అందుకు సంతోషించింది. తరవాత ఆ గుంజ దగ్గరికి వెళ్లి నిలబడింది.

“వానొచ్చినప్పుడల్లా లేచి దీన్ని పట్టుకు చూసేవాడు మా ఆయన. నువ్వు ఒక్కసారి తవ్వి చూసుంటే నిద్రపోయేవాడు గదా.”