గోడకు ఆనిన వీపు

మచిలీపట్నంలో మా ఇంటి వెనక ఫుట్‌బాల్ గ్రౌండు ఉంది. అందులో ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే రేకుల షెడ్డు ఒకటి. దాని గోడ మీద మావయ్య వీపు ఉంది. ఈ మాట డైరీలో రాసుకున్నానే గాని పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు.

మావయ్య అమ్మకి తమ్ముడు, మా ఊరి క్లబ్బులో డిఫెండరు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు గుడివాడ జట్టుతో మ్యాచ్ కోసం కొత్త చొక్కాలు కావాలనుకున్నారు. మావైపు రంగు చొక్కా అంటే ముందు గుర్తొచ్చేది కలంకారీ అద్దకమే. తెల్లవి కొని, పెడనలో అద్దకం వేసే ఆయనకిచ్చారు. రంగు నిలవాలంటే ముందుగా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టాలి. ఆయన నాలుగు రోజులడిగితే మావయ్యే తొందరపెట్టాడు.

"ఆడేది గంటన్నరండీ బాబూ, దానికి పాలెందుకు? రంగేసి ఇచ్చెయ్యండి."

మ్యాచ్ రోజు గ్రౌండు ప్రహరీ గోడ మీద కూడా చోటు లేదు. చేపలమ్మి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ గంపలు బోర్లించుకుని కూర్చున్నారు. ఆట మొదలైన కాసేపటికే వాన. ఎరుపు చొక్కాల్లోంచి నిక్కర్లలోకి, మేజోళ్ళలోకి కారింది.

"ఏంటి బావా, వసంతాలాడుకుని వచ్చారా!" అని గుడివాడవాళ్ళు ఒకటే గోల.

"ముందు గోలు కొట్టి తర్వాత నవ్వండి నాయనా!" అని గంప మీంచి ఒకావిడ లేచింది.

వాళ్ళు గోలు కొట్టారు, నవ్వారు కూడా. విరామంలో మావాళ్ళంతా షెడ్డులోకి పరిగెత్తి, అప్పుడే సున్నం వేసిన గోడకి వరసగా చేరగిలబడ్డారు. తలుపు నుంచి మూడోవాడు మావయ్య. లేచి వెళ్ళాక గోడ మీద వరసగా ఎర్రటి వీపుల అచ్చులు మిగిలాయి.

ఇంటికొచ్చిన మనిషిని చూసి అమ్మమ్మ కెవ్వుమంది. "రక్తం కాదే అమ్మా, రంగు!" అని మావయ్య పడీపడీ నవ్వాడు. వారం దాకా మెడ ఎర్రగానే ఉంది.

రెండు నెలలకి, చల్లపల్లి నుంచి వస్తుంటే మావయ్య బైకుని లారీ గుద్దింది. ఇంటికి తెచ్చినప్పుడు అమ్మమ్మ చొక్కా పట్టుకుని ఒకటే మాట: "రంగేనని చెప్పరా. మళ్ళీ ఒక్కసారి చెప్పరా."

ఏటా వేసవిలో షెడ్డుకి సున్నం వేసేవారు. తొలకరి పడగానే వీపులు మళ్ళీ పైకి వచ్చేవి. గుడ్డకి పట్టని రంగు సున్నానికి పట్టిందని అద్దకం ఆయన అన్నాడట. గ్రౌండులో ఎవరూ లేనప్పుడు వెళ్ళి మూడో వీపు పక్కన నిలబడేదాన్ని. మొదట్లో నా తల దాని సగం దాకా వచ్చేది. తర్వాత భుజం దాకా. మావయ్య వెళ్ళిపోయేనాటికి ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు నాకు ఇరవై ఆరు.

పోయిన నెల క్లబ్బుకి పేర్లు అచ్చువేసిన జెర్సీలు వచ్చాయి. షెడ్డుకి కూడా పెయింటు వేయిస్తున్నారని తెలిసి వెళ్ళాను. చివరి నుంచి మొదలుపెట్టి పెయింటరు సగం గోడ దాటేశాడు. గుమ్మంలో నిలబడి తలుపు నుంచి వీపులు లెక్కపెట్టాను.

"ఎవరి కోసమమ్మా?"

"ఇది వేశాక... మరకలు మళ్ళీ వస్తాయాండీ?"

"సున్నం అనుకున్నారా? ప్రైమరు కొట్టి రెండు కోటింగులు. ఇంక చచ్చినా రావు."

"తలుపు నుంచి మూడోది వదిలెయ్యండి. అది మా మావయ్య."

బయటికి అన్నాక ఆ మాట నా గొంతులా అనిపించలేదు. ఆయన గోడ వంక చూశాడు, నా వంక చూశాడు.

"వదిలేస్తే కమిటీవాళ్ళు నన్ను తిడతారమ్మా," అంటూ బ్రష్షు బకెట్లో పెట్టాడు. మూలనున్న, మ్యాచ్‌ల తేదీలు రాసే పెద్ద బోర్డు చూపించాడు. "దీన్ని గోడకి తగిలించమన్నారు. ఎక్కడో మాత్రం చెప్పలేదు."

నిన్న మ్యాచ్‌లో వాన పడింది. ఈ జెర్సీలు రంగు దిగవు. విరామంలో కుర్రాళ్ళంతా వచ్చి గోడకి వరసగా ఆనుకున్నారు. తలుపు నుంచి ఇద్దరు, తర్వాత ఒక మనిషి పట్టేంత ఖాళీ, మళ్ళీ మిగిలినవాళ్ళు. అక్కడ బోర్డు ఉంది కదా, ఎవరూ ఆనుకోలేదు.