నాలుగో పుస్తకంతో మొదలు

ఆత్మకూరులో నేను పాఠాలు చెప్పే బడి వదిలాక, బస్సులో నిలబడి ఉదయగిరి చేరేసరికి నాకు మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఇంట్లో మా అమ్మకూ, ఇంటర్ చదివే మా అమ్మాయికీ మాత్రం కథల పిచ్చి. అమ్మకు ఇంగ్లీషు రాదు, చూపూ ఆనదు. సాయంత్రం ప్రార్థన కాగానే మనవరాలు తాను చదివినంత మేరా తెలుగులో చెప్పాలి.

ఆ వేసవిలో పిల్ల నెల్లూరు నుంచి నాలుగు ఇంగ్లీషు పుస్తకాల సెట్ తెచ్చుకుంది. నీళ్లన్నీ ఒక్కడి గుప్పిట్లో ఉండే దేశం, వాడి మీద తిరగబడే పిల్లలు. అసలు కథ మూడు పుస్తకాలే. అవి బాగా అమ్ముడుపోయాక ఆ నియంత చిన్నతనం గురించి విడిగా నాలుగోది రాశారట. దాన్ని చివర్లోనే చదవాలని పిల్ల ఫోన్‌లో చూసి మరీ చెప్పింది.

అమ్మ ఒప్పుకుంటేగా! మా ఇంట్లో బైబిలు ఆదికాండం నుంచి వరసగా చదవాల్సిందే. ఎవరు ఎవరిని కన్నారో ఆ పేర్ల చాంతాడు కూడా వదలనివ్వదు.

"చిన్నప్పటిది ఉండంగా పెద్దయినాక జరిగింది ముందు చెప్తావా? తలా తోకా ఉండొద్దా?" అంది.

"అట్లా చదివితే కథ చెడిపోద్ది అవ్వా," అని పిల్ల మొత్తుకుంది.

"చెడిపోతే చెడిపోనీ."

అలా నాలుగోదే మొదటిదైంది. అందులో ఆ నియంత ఇంకా పిల్లాడే, కాలు సరిగా లేని చెల్లెలి కోసం కొండెక్కి నీళ్లు మోస్తాడు. అమ్మకు వాడంటే ప్రాణమైపోయింది. ప్రార్థనలో వాణ్ణి కూడా చేర్చింది. పుస్తకంలో మనిషికి ప్రార్థన ఏందమ్మా అని విసుక్కున్నాను. వినలేదు. తర్వాతి పుస్తకాల్లో వాడు ఊళ్లకు ఊళ్లను ఎండగట్టాడు. అమ్మ మాత్రం "మారతాడు, చూడు" అనేది.

ఆమె ఎవరి గురించి అంటోందో నాకు తెలుసు. నా తమ్ముడు కలువాయిలో ఉంటాడు. ఒకసారి తాగొచ్చి అమ్మ మీద చెయ్యెత్తి, ఇల్లు వదిలి పోయాడు. బుద్ధి తెచ్చుకుని వాడే వచ్చేదాకా వాడితో మాట్లాడనని అమ్మ పంతం పట్టింది. నాకూ వాణ్ణి తలుచుకుంటేనే ఒళ్లు మండేది. ఆ ఇద్దరి మధ్యా నలిగి నలిగి విసిగిపోయాను.

చివరి పుస్తకం అయిపోయిన రోజు పిల్ల వంటింట్లోకి వచ్చింది.

"మా, వాడు మారలా. అట్నే చచ్చిపోయినాడు. అవ్వకు ఏం చెప్పేది?"

"మారినాడని చెప్పెయ్యవే. ఇంక ఏడుపులు చూసే ఓపిక నాకు లేదు."

పిల్ల నా మాట వినలేదు. ఉన్నదున్నట్టే చెప్పింది.

"ఆఖర్న ఎవురూ పోలేదా వాడి దగ్గరికి?" అంది అమ్మ.

"లేదవ్వా. వాడే వస్తాడని ఆ చెల్లెలు చూస్తా ఉండిపోయింది."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీ తమ్ముడికి ఫోన్ కలపవే."

"మారినాక గదా మాట్లాడతానన్నావు?"

"కలపమన్నానా లేదా?"

కలిపాను. మోగీ మోగీ, చివరికి ఎత్తాడు.

"ఏంది?" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. తాగే ఉన్నాడు. పెట్టేయబోయాను. అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అన్నం తిన్నావా రా?" అంది.