ఇంట్లో ఒకలా, బయట ఒకలా

బళ్లలో పిల్లల కష్టసుఖాలు వినే మా కౌన్సెలర్ టీచరు పోయిన వారం తమిళనాడులోని విరుదునగరంలో కన్నుమూశారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది అక్కా" అంది. నేనప్పుడు కోవిల్‌పట్టిలో పదో తరగతి ఆడపిల్లలతో మాట్లాడుతున్నాను. ఆమె చేసిన ఉద్యోగమే ఇప్పుడు నాది. కళ్లు తుడుచుకుని మళ్లీ క్లాసులోకి వెళ్లాను. పిల్లల్ని మధ్యలో వదిలేసి వచ్చానంటే ఆవిడకి నచ్చేది కాదు.

ఆమె తమిళ ఇంటి బిడ్డ. మాది సాత్తూరు దగ్గర తెలుగు ఇల్లు. అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవే.

తొంభైల్లో, నేను పదో తరగతి చదువుతుండగా, పై చదువుకి విరుదునగరంలో హాస్టల్ సీటు ఇస్తామన్నారు. ముందు ఒక వ్యక్తిత్వ పరీక్ష రాయాలి. అవునా, కాదా అని గుర్తు పెడితే చాలు. ఎక్కడో దూరదేశంలో తయారైన ప్రశ్నలు, తమిళంలోకి మార్చారు. "ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉంటావా?" అని ఒకటి. అవునని పెట్టాను. "పక్కన ఎవరూ లేకపోయినా ఎవరో పిలిచినట్టు వినిపిస్తుందా?" అని ఇంకొకటి. చనిపోయిన మా అవ్వ నన్ను పిలుస్తూనే ఉండేది. దానికీ అవునని పెట్టాను. నిజమే రాశానని హాయిగా ఇంటికి వెళ్లాను.

పరీక్ష పెట్టిన పెద్దమనిషి నా మనసు నిలకడగా లేదన్నాడు. హాస్టల్లో ఉంచితే కష్టమన్నాడు. సీటు పోతే నేనూ అమ్మతో పాటు ఫ్యాక్టరీ బండెక్కాల్సిందే.

టీచరు నన్ను పిలిచారు. బల్లకి అటువైపు కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చునేవారు. "నాకు తెలీదు, నువ్వు చెప్పు" అనేవారు. అది ఆమె ఊతపదం. ఎంత తెలిసినా అదే మాట. చెప్పాను. అంతా విని, "మీ ఇంటికి తీసుకెళ్తావా?" అన్నారు.

ఆదివారం వచ్చారు. అమ్మ తడబడుతూ తమిళంలో మొదలుపెట్టింది. "మీ భాషలోనే చెప్పమ్మా. అర్థం కాకపోతే అడుగుతాను" అన్నారు టీచరు. మా బడి పిల్లల దగ్గర విని విని ఆమెకి మా తెలుగు కొంచెం వచ్చింది.

"మా అత్త పిలస్తానే ఉంటాది టీచరమ్మా" అంది అమ్మ. "కూడు తిన్యారా అంటాది. నాకూ వినపడతాది, మా ఆయనకీ వినపడతాది. మంచిదే కదా? ఇల్లు చూసుకుంటా ఉండాదని అనుకుంటాము."

"భయమేస్తుందా?"

"అత్తంటే బతికున్నప్పుడు భయం. ఇప్పుడేం భయం?"

టీచరు పకపకా నవ్వారు. అమ్మా నవ్వింది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గదిలో, ఆ పెద్దమనిషి ఎదుటే, టీచరు గొంతు పెంచకుండా చెప్పారు. "ఈ పిల్లకి రెండు భాషలున్నాయి. ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉండక ఏం చేస్తుంది? ప్రశ్న రాసినాయన ఈ ఇల్లు చూడలేదు. నేను చూశాను. పూచీ నాది." ఆయన నన్ను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. చివరికి తన మాట వెనక్కి తీసుకుని సంతకం పెట్టాడు. నాకు సీటు వచ్చింది.

నేను చదువు ముగించి ఆమె దగ్గరే పనికి చేరాను. వెంబకోట్టై బళ్లో ఒక తెలుగింటి పిల్ల కూడా పరీక్షలో పిలుపు వినిపిస్తుందని రాసింది. నేను తేలిగ్గా, "మావాళ్లలో అది మామూలే టీచర్" అన్నాను. "ఆ పిల్లని అడిగావా?" అన్నారు. ఇద్దరం వెళ్లాం. బాణసంచా ఫ్యాక్టరీ ప్రమాదంలో అక్క పోయినప్పటి నుంచి ఆ పిల్లకి నిద్ర లేదు. పిలుపు వినబడితే చెవులు మూసుకుని వణికిపోతుంది. ఇంట్లో ఇంకెవరికీ అలా లేదు. టీచరే దగ్గరుండి మదురైలో డాక్టరుకి చూపించారు. కోలుకుని మళ్లీ బడికొచ్చింది. ఆ రోజు మదురై నుంచి తిరిగొచ్చే బస్సులో టీచరు నాతో ఒకటే అన్నారు: "ఆచారం అని కొట్టిపారెయ్యకు, జబ్బు అని ముద్ర వెయ్యకు. రెండూ అడగడానికి బద్ధకించేవాళ్లు చేసే పనులే."

ఆ తర్వాత మా చుట్టుపక్కల బళ్లలో పరీక్ష పెట్టే ముందు ఇంట్లో ఏ భాష అని అడగడం మొదలైంది. అర్థంకాని ప్రశ్నని పిల్ల తన ఇంటి భాషలో చెప్పించుకోవచ్చు. పేరు రావాలని ఆమె చేయలేదు, పేరు రాలేదు కూడా. కానీ ఆ రివాజు తెచ్చింది మా టీచరేనని నేను ఎక్కడైనా తలెత్తి చెబుతాను.

చివరిసారి ఆమెతో నరికుడి వెళ్లాను. అప్పటికే ఆమెకి మోకాళ్లు సహకరించడం లేదు. బడి వసారాలో చిన్నపిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. పక్కన రెండు జడల పిల్ల ఒకతి, బళ్లో ఎన్నడూ నోరు విప్పనిదట, మా తెలుగులో తన మేకపిల్ల సంగతులు చెబుతోంది. బస్సు వచ్చి హారన్ కొట్టింది. నేను చేయి ఊపాను. టీచరు అటు చూడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ పిల్లవైపు ఒంగి, "ఊఁ... తర్వాత?" అంటున్నారు.