నాలుగో రోజు కొలత

ఆ రోజు తప్పు నాదే. జనగామ కాలేజీ ల్యాబులో అందరూ చూస్తుండగా ఒక విద్యార్థినిని దొంగను చేశాను. దయ్యాలనూ మహిమలనూ నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాయాలి.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. భూపాలపల్లి బొగ్గు బావులు ఆగిపోయాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. గార్ల దగ్గరి తండా నుంచి వచ్చిన సరిత నా దగ్గర ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తోంది. పత్తి కట్టెను కాల్చి, కంటికి ఆనని రంధ్రాలుండే నానో కార్బన్ తీసి, దానితో కరెంటును దాచే సెల్లు తయారుచేసింది. రూపాయి బిళ్లంత ఉంటుంది. అలాంటివి ఛార్జి చేసి వదిలేస్తే ఒక్క రోజులోనే సగం ఖాళీ అవుతాయి. ఆమె నోటుబుక్కులో మాత్రం మూడు రోజుల కొలతలు 0.91, 0.87, 0.84 వోల్టులు.

"కరెంటే లేదు కదా, ఎలా కొలిచావు?" అన్నాను.

"చేతి మీటర్‌తోని కొలిచిన సార్. గా మీటర్ బ్యాటరీతోని నడుస్తది."

"'కొలిచిన'నా? ముందు తెలుగు నేర్చుకోమ్మా" అన్నాడు పక్కనే ఉన్న తోటి లెక్చరర్.

నర్మెట్టలో పుట్టి అదే యాసలో పెరిగిన నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నవ్వి ఊరుకోలేదు. సెల్లు రెండు వైపులనూ కలుపుతూ రాగి తీగ చుట్టి మొత్తం ఖాళీ చేశాను. మీటరు సున్నా చూపింది. "ఇది రాసుకో" అన్నాను. దొంగ కొలతలు రాసిందని, ప్రాజెక్టు రద్దు చేయమని ప్రిన్సిపాల్‌కు కాగితం ఇచ్చాను. ఆమె ఏడవలేదు. బ్యాగు తీసుకుని తండాకు వెళ్లిపోయింది.

సెల్లును తీగతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

మరునాడు పొద్దున తీశాను. తీగ చుట్టినట్టే ఉంది. మీటరు పెడితే 0.82. ఇంకో మీటరు తెచ్చాను. అదీ 0.82. తీగ విప్పాక వోల్టేజీ కొద్దిగా మళ్లీ లేవడం మాకు తెలిసిందే. తీగ ఉండగా లేవదు. ఆమె రాసిన వరుసలో నాలుగో రోజుకు రావాల్సిన కొలత ఈ 0.82. నేను సెల్లును అసలు ఖాళీ చేయనట్టే. తీగ విప్పి చూస్తే సున్నా.

బస్సులు లేవు. బండి మీద మహబూబాబాద్ మీదుగా తండాకు వెళ్లాను. చేనులో పత్తి ఏరుతున్న సరితకు అంతా చెప్పాను.

ఆమె చెయ్యి ఆపలేదు. "మీటర్ జెప్తె నమ్మినరు సార్. నేను జెప్తె నమ్మలే."

పక్క సాలులోంచి ఆమె తల్లి వాళ్ల భాషలో ఏదో అడిగింది. సరిత నా వైపు చూసి ఒక్క మాటలో జవాబిచ్చింది. దాని అర్థం అడిగే ముఖం నాకు లేదు.

ఆ కొలతకు కారణం నాకు ఈనాటికీ తెలియదు. మర్నాడు ప్రిన్సిపాల్‌కు ఇచ్చిన కొత్త కాగితంలో మీటరు సంగతి రాయలేదు. ఏ ఆధారమూ లేకుండా నింద వేశానని రాసి, ల్యాబులో నిలబడి చదివాను.

సరిత తిరిగొచ్చింది. తన గైడును మార్చమని అడిగింది. ఆ దరఖాస్తు మీద నేనే సంతకం చేశాను.