బావమరిదికి రాయని హిట్

మొన్న శనివారం అల్ నహ్దాలో మా గది కింది హోటల్లో చాయ్ తాగుతూ ఉండగా ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. ఏదో కొత్త బేస్‌బాల్ టోర్నమెంటుకి స్కోరర్లు కావాలట, అనుభవం అక్కర్లేదట, రెండు గంటల శిక్షణ చాలట, అనుమానం వచ్చిన బంతి సంగతి కెమెరాయే తేల్చేస్తుందట. రెండు గంటల్లో స్కోరరా! రెండు గంటల్లో పరోటా పిండి కూడా సరిగ్గా నానదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది, చాయ్ సగంలోనే వదిలేసి లేచాను.

అప్పట్లో ఇక్కడ ఉన్నవాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కరోనా మొదటి దెబ్బ కాస్త తగ్గి, గేటు దగ్గర నుదుటికి మిషను పెట్టి జ్వరం చూసి లోపలికి వదిలే కాలం, సెలవు ఇంకా శుక్రవారమే. మా కఫీల్ గారి, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని గారి, కొడుకు అమెరికాలో చదువుకుని, చదువు సంగతి ఏమో కానీ, బేస్‌బాల్ పిచ్చి మాత్రం నిండా అంటించుకుని వచ్చాడు. మా కూలీల క్యాంపులో క్రికెట్ బ్యాటు ఊపినవాళ్ళందరినీ పోగేసి జట్టు కట్టాడు. ఇరవై ఏళ్ళుగా టైమ్‌కీపర్‌గా హాజరు రాస్తున్నవాణ్ణి, సెలవు రోజుల్లో క్రికెట్ స్కోరు రాసినవాణ్ణి కనుక నన్ను తెచ్చి స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ అబ్బాయిది సరదా, నాది పట్టుదల. రూల్ పుస్తకం అట్టలు ఊడిపోయేదాకా చదివాను.

ఆ ఆటలో బంతి కొట్టి పరిగెత్తి, మన క్రీజు లాంటి బేస్ చేరిన ప్రతివాడికీ హిట్ రాయరండీ. ముందు బేస్ మీద ఇంకొక రన్నర్ ఉన్నాడనుకోండి. బంతి దొరికిన ఫీల్డర్, కొట్టినవాణ్ణి తేలిగ్గా అవుట్ చేయగలిగి ఉండీ, వాణ్ణి వదిలేసి ముందున్నవాడి కోసం విసిరాడా, అది ఫీల్డర్స్ ఛాయిస్, అంటే కొట్టినవాడు బతికింది ఫీల్డర్ దయ వల్ల. అలా కాక ముందున్నవాడూ దొరకక, కొట్టినవాడు కూడా ఎటు విసిరినా చేరేవాడే అయితే అది హిట్. విసరని బంతి విసిరి ఉంటే ఏమయ్యేదో రెప్పపాటులో తేల్చాలి, తేల్చవలసింది స్కోరర్ ఒక్కడే. ఇది అర్థం కాని మహానుభావులు బల్ల చుట్టూ చేరి, చేరాడు కదా, రాసెయ్యవయ్యా అని గోల పెట్టేవారు. ఆడలేక మద్దెల ఓడన్న బాపతు అందరూ నాకు రూల్స్ చెప్పేవాళ్ళే!

ఆ జట్టులో మా బావమరిది ఉన్నాడు, నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. స్కఫోల్డింగ్, అంటే ఎత్తుల మీద పరంజా కట్టే పని. అంతకు ముందు వేసవిలో ఎండకి రెండుసార్లు పైనే సొమ్మసిల్లాడు, మూడోసారి అయితే ప్రాణానికి పూచీ లేదని క్యాంపు డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే కఫీల్ కొడుకు, సీజన్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు కొట్టినవాణ్ణి స్టోర్‌రూమ్ పనికి మారుస్తానని, కప్పు కూడా ఇస్తానని ప్రకటించాడు. ఏసీ గది, కుర్చీ, తల మీద ఎండ లేని పని. దాని కోసం మావాడు పరిగెత్తిన పరుగు చూడాల్సిందే, కాళ్ళకి చక్రాలున్నాయా అనిపించేది. పోటీకి వచ్చినవాడు మా ముదీర్ గారి, అంటే మేనేజరు గారి, మేనల్లుడు. ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాడికి ఆ స్టోర్‌రూమ్ దేనికో! కప్పు పట్టుకుని ఫోటో దిగాలని, అంతే.

చివరి ఆటకి ముందు వారం ఆ మేనల్లుడు కొట్టిన ఒక సోది బంతికి హిట్ రాయమని ముదీర్ స్వయంగా దయచేశాడు. రాయనన్నాను. ఆయన నవ్వుతూ చాయ్ కప్పు నా ముందు పెట్టి, "ఠీక్ హై. మగర్ ఆప్ కా సాలా భీ ఖేల్ రహా హై నా, లోగ్ దేఖ్ రహే హై" అని వెళ్ళాడు. మీ బావమరిది కూడా ఆడుతున్నాడు, జనం చూస్తున్నారని. ఆ మాట మందులా ఎక్కింది నాకు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ దొంగతనమూ చేయని నేను వారమంతా భుజాలు తడుముకుంటూనే ఉన్నాను.

చివరి ఆటలో మేనల్లుడి వంతు అయిపోయింది, ఇద్దరి హిట్లూ సమానం. మావాడిది ఆఖరి వంతు, మొదటి బేస్ మీద ఒక రన్నర్. మావాడు కొట్టిన బంతి నెమ్మదిగా దొర్లి ఎదుటి జట్టులోని ఫిలిప్పీన్స్ కుర్రాడి చేతిలో పడింది, అతడు రెండో బేస్‌కి విసిరాడు, ముందున్న రన్నర్ అప్పటికే అక్కడికి చేరిపోయాడు, మావాడూ మొదటి బేస్ దాటి నాలుగడుగులు వేసేశాడు. మైదానమంతా నా బల్ల వైపు తిరిగింది. నాకు కనిపించింది మాత్రం ముదీర్ మొహం ఒక్కటే. ఫీల్డర్స్ ఛాయిస్ అని రాశాను. సమానమయ్యాక గెలుపు ఎవరిదో ముదీరే తేల్చాడు, ఎవరి పేరు చెప్పాడో మీకు చెప్పాలా? పోతూ పోతూ నా భుజం తట్టి, ఇన్సాఫ్, న్యాయమంటే ఇది అని మెచ్చుకున్నాడు. ఆ చెయ్యి తగిలిన చొక్కా మళ్ళీ వేసుకోలేదు నేను.

ఆట అయ్యాక ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడే బల్ల దగ్గరికి వచ్చి, మీవాడి వేగానికి మొదటి బేస్ మీద ఆశ లేదు సార్, అందుకే రెండో దానికి విసిరానని చెప్పాడు. అంటే హిట్టే, సందేహం లేదు. ఒక రోజులోపు స్కోరర్ తన తీర్పు దిద్దుకోవచ్చని పుస్తకంలో ఉంది, మావాడికి ఆ రూలు నేర్పింది కూడా నేనే. దిద్దితే బావమరిది కోసం దిద్దాడంటారని కలం తీయలేదు. ఊళ్ళో ఉన్న మా ఇంటామె ఫోన్‌లో చెడామడా దులిపింది, "గాడు కొట్టింది గానికి రాయనీకి నీ చేతులు పడిపోయినయా?" అని. చివరి ఆట కదా అని మర్నాడు కూడా సెలవిచ్చారు, మధ్యాహ్నం మావాడు నా గదికి అన్నానికి వచ్చాడు. గడువు ఇంకా మూడు గంటలుంది. నేనేదో నసగబోతే, "ఏం లే బావా, నువ్వు తిను" అని నా కంచంలో పప్పు వేశాడు. సాయంత్రం దాకా కూర్చుని, గడువు దాటాక క్యాంపు బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి ఆగస్టులో రాస్ అల్ ఖైమా సైటులో మళ్ళీ సొమ్మసిల్లి పడ్డాడు. నడుముకి తాడు ఉండబట్టి బతికాడు, కంపెనీ ఖలాస్, ఇక పని లేదు అని ఇంటికి పంపేసింది. ఇప్పుడు శుక్రవారం సెలవు పోయి శని, ఆదివారాలయ్యాయి, ఆ మైదానంలో ఫ్లాట్లు లేచాయి, కఫీల్ కొడుక్కి ఇంకో పిచ్చి పట్టింది. కెమెరాలొచ్చాక స్కోరర్ ఎవడి మొహమూ చూసి జంకక్కర్లేదేమో, మంచిదే. ముదీర్‌ని తిట్టుకుంటూ నాలుగేళ్ళు గడిపాను గానీ, ఆయన తన మేనల్లుడి కోసం సిగ్గు విడిచి నా బల్ల దాకా వచ్చాడు. నేను నా బావమరిది కోసం, వాడు నిజంగా కొట్టిన బంతికి, ఒక్క మాట రాయలేకపోయాను.